మా భోజనాలబల్ల మీద దోజో

(రేడియో మహిళా కార్యక్రమంలో చదివిన ప్రసంగ పాఠం)



ఈవేళ నేను చెప్పబోయేది ఊరగాయల గురించీ కాదు, ఎండాకాలంలో పిల్లల ఆరోగ్యం గురించీ కాదు. క్రిందటి వేసవి సెలవుల్లో మా అమ్మాయీ నేనూ కలిసి ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలతో ఒక దోజో కట్టాము. దాని కథ చెబుతాను. దోజో అంటే జపాను దేశంలో జూడో, కరాటే వంటి విద్యలు నేర్పే శాల. మన భాషలో తాలింఖానా అనుకోండి. "ఇంటెడు చాకిరీ పెట్టుకుని బొమ్మలాటలా!" అని మీలో కొందరు నవ్వుకుంటారని నాకు తెలుసు. మొదట్లో నేనూ అలాగే నవ్వాను.

మా అమ్మాయి ఎనిమిదో ఏట నుంచీ జూడో నేర్చుకునేది. మా వీధి చివర కమ్యూనిటీ హాల్లో సాయంత్రాలు ఒక మాస్టారు నేర్పేవారు. తెల్ల పట్టీతో మొదలుపెట్టి, పసుపు దాటి, నారింజరంగు పట్టీ దాకా వచ్చింది. అంతలో పెద్దమనిషి అయింది. "ఇంక చాలమ్మా, మగపిల్లలతో ఆ పట్టుకోవడాలూ పడెయ్యడాలూ ఏమిటి?" అన్నారు మా అత్తయ్యగారు. మావారు ఔననలేదు, కాదనలేదు. తప్పంతా పెద్దావిడ మీద తోసెయ్యను. మాన్పించింది నేనే. "చీకటి పడుతోంది, ట్యూషను టైము కుదరడం లేదు" అని పిల్లకి సాకులు చెప్పాను. అది ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆ తెల్ల దుస్తులు ఉతికి, మడతపెట్టి, పట్టీ పైన చుట్టి బీరువాలో అడుగున పెట్టేసింది. ఆ తర్వాత ఆరు నెలలు నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. ఏడిచే పిల్లని ఊరుకోబెట్టవచ్చునండీ. ఊరుకున్న పిల్లని ఏం చేస్తాం?

వేసవిలో డాలస్ నుంచి మా తమ్ముడు వచ్చాడు. వాళ్ళ పిల్లలు ఆడి వదిలేసిన లెగో ఇటుకలు ఒక పెద్ద సంచీడు తెచ్చాడు. కొత్తవి కొనాలంటే మనబోటి వాళ్ళకి గుండె ఆగినంత పనవుతుంది కాబట్టి, పాతవైనా సంతోషించాను. ఆ సంచీ నేలమీద గుమ్మరించి చాలాసేపు చూసి, మా అమ్మాయి ఆరు నెలల తర్వాత మొదటిసారి నన్నొక సాయం అడిగింది. "అమ్మా, నేను దోజో కడతాను. కాస్త పట్టుకుంటావా?" అంది. పట్టుకోనంటానా!

ముందు ఆ ఇటుకల సంగతి చెబుతాను. డెన్మార్కులో బిలుండ్ అనే ఊళ్ళో ఓలె కిర్క్ క్రిస్టియాన్‌సెన్ అనే వడ్రంగి 1932లో చెక్కబొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాడు. లెగో అనే పేరుకి వాళ్ళ భాషలో "బాగా ఆడు" అని అర్థం. ఇప్పుడు మనం చూసే ప్లాస్టిక్ ఇటుకకి 1958లో పేటెంటు తీసుకున్నారు. పైన బుడిపెలు, లోపల గొట్టాలు. ఒకటి రెండోదాన్ని గట్టిగా పట్టుకుంటుంది, లాగితే వస్తుంది. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకకి సరిగ్గా అతుకుతుంది. రెండు వరసల్లో నాలుగేసి బుడిపెలున్న ఇటుకలు ఒకే రంగువి ఆరుంటే, వాటిని 91,51,03,765 విధాలుగా కలపవచ్చునని గణితం చదివినవాళ్ళు లెక్కగట్టారు. పదో తరగతితో చదువాపేసినదాన్ని, ఆ లెక్క నాకు రాదు. కానీ నాలుగు దినుసులతో నలభై కూరలు చేసే మనకి అందులో ఆశ్చర్యమేముంది?

పాత ఇటుకలు గనుక ముందు కడిగాము. వేడినీళ్ళు పొయ్యకండి, వంకర్లుపోతాయి. నలభై డిగ్రీలు దాటని గోరువెచ్చని నీళ్ళలో కాస్త సబ్బుపొడి వేసి, జల్లెడలో వార్చి, నీడపట్టున ఆరబెట్టాలి. ఎండలో ఎక్కువకాలం ఉంచితే తెల్లవి పసుపుపచ్చగా తిరుగుతాయి. ఆ తర్వాత ఏరడం. బియ్యంలో రాళ్ళేరిన చేతులు కదా మనవి! పెద్దవి స్టీలు డబ్బాల్లోకి, పొడుగు పలకలు ట్రేలోకి, గింజంత ముక్కలు నా పాత పోపులపెట్టెలోకి వెళ్ళాయి. పిల్లలు ఇటుకలు మొత్తం ఒకేచోట పోసి వెతుక్కుంటారు, సగం పొద్దు వెతుకులాటకే పోతుంది. ఇంకొకమాట. ఇంట్లో మూడేళ్ళలోపు పసివాళ్ళుంటే ఈ చిన్న ముక్కలు వాళ్ళకి అందకూడదు. గొంతుకి అడ్డం పడతాయి. పక్కింటి బాబు వచ్చినప్పుడల్లా మేము పోపులపెట్టె మూతపెట్టి అటకెక్కించేవాళ్ళం.

కట్టడానికి ముందు కొలత కావాలి. బుడిపెకీ బుడిపెకీ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. పలకలు మూడు పేరిస్తే ఒక ఇటుక ఎత్తు. అడుగున పరిచే పెద్ద పలక మీద ముప్ఫైరెండు వరసల్లో ముప్ఫైరెండేసి బుడిపెలు. అది చూడగానే నాకు ధనుర్మాసంలో మా పుట్టింటి వాకిలి గుర్తొచ్చింది. చుక్కల ముగ్గే కదా! చుక్క తప్పితే ముగ్గు చెడినట్లు, ఒక్క బుడిపె తప్పితే గోడ కలవదు. "చుక్కలు లెక్కపెట్టడం నాకొదిలెయ్" అన్నాను. మా అమ్మాయి నా వంక కొత్తగా చూసింది.

"ఎన్ని చాపలు వెయ్యాలి?" అనడిగాను. "పన్నెండు" అంది తడుముకోకుండా. "పన్నెండే ఎందుకు?" అంటే అప్పుడు చెప్పింది. జూడో విద్యని ఏర్పరచిన కానో జిగొరో 1882లో టోక్యో నగరంలో ఎయిషోజి అనే బౌద్ధాలయంలో తన మొదటి శాల తెరిచినప్పుడు, అందులో పన్నెండు చాపల జాగా మాత్రమే వుందట. దానికి కోడోకాన్ అని పేరు పెట్టాడు. ఈనాడు ప్రపంచమంతా ఆడే జూడో ఆ పన్నెండు చాపల గదిలోనుంచి వచ్చింది. మన హాలుకన్నా చిన్నదన్నమాట!

ఆ పిల్లే ఇంకొక సంగతి చెప్పింది. దోజో అనే మాట మన దేశం నుంచే వెళ్ళిందట. బుద్ధుడు జ్ఞానం పొందిన చోటుని సంస్కృతంలో బోధిమండమంటారు. ఆ మాటని చైనావాళ్ళు తమ భాషలోకి మార్చుకుంటే, జపానువాళ్ళు దాన్నే దోజో అన్నారు. "మార్గం తెలిసే చోటు" అని అర్థం. అమరావతి శిల్పాల్లో బోధివృక్షం కింద ఖాళీ ఆసనం మీరు చూసే వుంటారు. ఆ ఆసనం వున్న చోటు మాటగా అంత దూరం వెళ్ళి, కుస్తీ పట్టే పిల్లల చాపగా మా విజయవాడ భోజనాలబల్ల మీదకి తిరిగివచ్చింది. ఈ పిల్లకి ఇన్ని సంగతులు తెలుసునని నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు మరి.

జపాను చాపని తతామి అంటారు. పొడవు వెడల్పుకి సరిగ్గా రెండింతలు. ఇంచుమించు ఆరడుగులు, మూడడుగులు. లెగో మనిషిబొమ్మ ఎత్తు నాలుగు సెంటీమీటర్లు. ఆ మనిషికి తగిన చాప ఆరు బుడిపెల పొడవు, మూడు బుడిపెల వెడల్పు వుండాలని లెక్క తేలింది. అలాంటివి పన్నెండంటే, పద్ధెనిమిది బుడిపెల పొడవూ పన్నెండు బుడిపెల వెడల్పూ వున్న గది. పైన బుడిపెల్లేని నున్నని పలకలు గోధుమరంగువి ఏరి, ఒక్కొక్క చాపకి ఆరు బుడిపెల పలకలు మూడేసి పక్కపక్కన పరిచాము. ఒక చాప నిలువుగా, పక్కది అడ్డంగా. అన్నీ ఒకే రంగైనా గీతలు మారడంవల్ల చాపలు విడివిడిగా కనిపిస్తాయి. ఇందులో ఒక నియమం వుంది. శుభకార్యాల ఇళ్ళల్లో నాలుగు చాపల మూలలు ఒకేచోట కలవకూడదట. అశుభానికి వేసేటప్పుడే అలా కలుపుతారట. మా అత్తయ్యగారు మంచం మీద నుంచే ఈ మాట విని, "అయితే వాళ్ళకీ పట్టింపులున్నాయన్నమాట!" అని సంతోషించారు. నున్నని చాప మీద బొమ్మలు నిలబడవు గనుక, అక్కడక్కడ నడుమ ఒంటి బుడిపె వున్న పలకలు ఇరికించాము.

తర్వాత గోడలు. గది మనిషికి రెండింతల ఎత్తు వుండాలని ఎనిమిది వరసలు అనుకున్నాము. తూర్పు గోడ నాకు అప్పగించింది. అందంగా వుంటుందని ఒక రంగు మీద అదే రంగు నిలువుగా పేర్చుకుంటూపోయాను. రాత్రి భోజనాలకి బల్ల ఖాళీ చెయ్యాలని పలక ఎత్తేసరికి, నా గోడ అరటితొక్కలా విచ్చుకుపోయింది. మా ఇల్లు కట్టిన తాపీమేస్త్రి ఏమనేవాడో అప్పుడు గుర్తొచ్చింది. అతుకు మీద అతుకు పడకూడదు. కింది రెండు ఇటుకల అతుకు మీద పై ఇటుక నడుము రావాలి. నిజం ఇటుకకైనా, బొమ్మ ఇటుకకైనా అదే ధర్మం. మా అమ్మాయి కోప్పడుతుందనుకున్నాను. "ఫరవాలేదమ్మా, పడితే లేవడమేగా" అని మళ్ళీ మొదటి వరస పెట్టింది.

జపాను తలుపులు కాగితం తలుపులు. సన్నని చెక్కచట్రానికి తెల్ల కాగితం అంటించి పక్కకి జరిపేలా చేస్తారు. సంచీలో దొరికిన జాలీ ముక్కల వెనక నేను బటర్ పేపరు కత్తిరించి పెట్టాను. "ఇటుకలే వాడాలి, కాగితం పెడితే దొంగాట" అంది పిల్ల. "అసలు తలుపే కాగితమైతే ఇందులో దొంగాటేమిటి?" అన్నాను. నవ్వింది. ఆరు నెలల తర్వాత నవ్వు! వెనకాల దీపం పెడితే ఆ తలుపులు పాలలా వెలిగాయి.

పైకప్పుకి నల్లని ఏటవాలు ముక్కలు వాడాము. మొదటిసారి వేసినది మధ్యలో కుంగింది. ఒకదాని మీద ఒకటిగా, అతుకులు తప్పించి, రెండు పొడుగు పలకలు దూలంలా వేశాక నిలిచింది. గోడల పైన అంతటా నున్నని పలకలు వేసి, మూలల్లో మాత్రం బుడిపెలుంచితే కప్పు డబ్బామూతలా పైకి వస్తుంది. లోపల బొమ్మల్ని మార్చుకోవచ్చు. ఇలా కట్టేవాళ్ళు ఇది మరిచిపోకండి. కప్పు బిగించేసి లోపలికి చెయ్యి దూరక మేము సగం ఇల్లు ఊడదీశాము.

ఇక లోపలి అమరిక. ద్వారానికి ఎదురుగా వుండే గోడ ముఖ్యమైనది. గురువు ఆ వైపు కూర్చుంటాడు, శిష్యులు ఎదురుగా పట్టీల వరసని కూర్చుంటారు. జూడో శాలల్లో ఆ గోడకి కానోగారి పటం పెడతారు. మా అమ్మాయి రెండు పటాలు గీసి అంటించింది. "రెండో ఆవిడ ఎవరే?" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ పేరు ఫుకుదా కెయికో. 1913లో పుట్టింది. కానోగారికి విద్య నేర్పిన ఒక గురువుకి మనుమరాలు. 1935లో కోడోకాన్ మహిళా విభాగంలో చేరింది. మనిషి అయిదడుగుల లోపే. స్త్రీలకి అయిదో డాన్ దాటి పై మెట్టు ఇవ్వనందున ఏళ్ళ తరబడి అక్కడే నిలిచిపోయింది. తర్వాత అమెరికాలో స్థిరపడి, 2011లో 98 ఏళ్ళ వయసులో అక్కడి జూడో సంస్థ నుంచి పదో డాన్ పొందింది. 2013లో కన్నుమూసింది. "మరి పెళ్ళో?" అన్నారు అత్తయ్యగారు. "చేసుకోలేదు నానమ్మా. కంగారుపడకు, అది ఆవిడ యిష్టం" అంది పిల్ల.

బొమ్మల్లో ఒకటి చాప మీద వెల్లకిలా పడి వుంది. జారిపడిందేమోనని నేను నిలబెట్టబోతే, "ఉండనీ అమ్మా, అది పడటం నేర్చుకుంటోంది" అంది. జూడోలో అందరికంటే ముందు నేర్పేది ఎదుటివాణ్ణి పడగొట్టడం కాదట, తాను పడటమట. గడ్డం గుండెకి ఆనించాలి, తల నేలకి తగలకూడదు, చేత్తో చాపని చరచాలి. నెలల తరబడి అదే సాధన. అత్తయ్యగారు రెండేళ్ళ క్రితం స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఇప్పటికీ చేతికర్ర వుండాలి. ఆవిడ చాలాసేపు ఆ పడిన బొమ్మ వంక చూసి, "పడటం కూడా నేర్పుతారుటే? మాకు పడకుండా వుండటమే నేర్పారు" అన్నారు. నాకు జవాబు తోచలేదు.

చివరి రోజున గుమ్మం పని మిగిలింది. దోజోలోకి చెప్పులతో వెళ్ళరు. గుమ్మం దగ్గర నేల కాస్త కిందుగా వుంటుంది. అక్కడ చెప్పులు విప్పి, వరసగా పెట్టి, వంగి నమస్కరించి లోపలికి వెళతారు. వచ్చేటప్పుడూ అంతే. ఒంటి బుడిపె ముక్కలు రెండేసి పెట్టి ఎనిమిది జతల చెప్పులు చేశాము. నాకు చుక్కలు లెక్కపెట్టే అలవాటు కదా, లోపల బొమ్మల్ని లెక్కపెట్టాను. ఎనిమిది. సరిపోయింది. కానీ తొమ్మిదో బొమ్మ ఒకటి గుమ్మం బయట నిలబడి వుంది. తెల్ల దుస్తులు, నారింజరంగు పట్టీ.

"ఈ పిల్ల చెప్పులేవి?" అన్నాను.

"అది విప్పలేదు."

"ఎందుకు?"

"లోపలికి వెళ్ళనివ్వరుగా" అంది. అని, పోపులపెట్టెలో మిగిలిన ముక్కలు సర్దుకుంటూ కూర్చుంది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. చదువుకునే రోజుల్లో నేను ఖోఖో బాగా ఆడేదాన్ని. పదో తరగతి కాగానే పెళ్ళిసంబంధాలు చూడటం మొదలుపెట్టి, ఆటా చదువూ రెండూ ఒకేరోజున మాన్పించారు. అప్పుడు నేనూ ఏడవలేదు. నా మౌనం మా అమ్మకి అర్థం కాలేదని ఇన్నేళ్ళూ అనుకున్నాను. మా అమ్మాయి మౌనం నాకు మాత్రం అర్థమయిందా?

మర్నాడు పొద్దున్నే మావారితో, అత్తయ్యగారితో కూర్చుని మాట్లాడాను. నా భయాలు దాచలేదు. చీకటి దారి భయమే. ఎవరు నేర్పుతారు, ఎలా నేర్పుతారు అన్నదీ భయమే. అవి తల్లికి వుండవలసిన భయాలు. కానీ భయానికి మందు తలుపు వెయ్యడం కాదు, వెళ్ళి చూడటం. నేనే ఆ హాలుకి వెళ్ళాను. గుమ్మంలో చెప్పులు విప్పి, ఒక మూల కూర్చుని క్లాసు మొత్తం చూశాను. మాస్టారుని అడగవలసినవన్నీ అడిగాను. ఆడపిల్లలు నలుగురున్నారు. వాళ్ళు వాళ్ళలో వాళ్ళే జోడీ కట్టి సాధన చేసే ఏర్పాటుంది. అంతకుముందు అయిదేళ్ళు పిల్లని పంపించానే గాని, ఒక్కనాడూ లోపలికి వెళ్ళి చూసిన పాపాన పోలేదు! చూడకుండానే పంపాను, చూడకుండానే మాన్పించాను.

ఇప్పుడు వారానికి మూడు సాయంత్రాలు నేను తోడు వెళుతున్నాను. రాత్రి వంట అరగంట ఆలస్యమవుతోంది. మావారు కుక్కరు పెట్టడం నేర్చుకున్నారు. అత్తయ్యగారికి పూర్తిగా ఇష్టం లేదు, ఆ సంగతి దాచను. పై ఏడు పదో తరగతి వస్తే మళ్ళీ ఈ చర్చ మా ఇంట్లో లేస్తుంది. అప్పుడేమవుతుందో చెప్పలేను. కాకపోతే ఈసారి పిల్లని కూర్చోబెట్టుకుని మాట్లాడతాము.

స్త్రీల జూడోకి ఒలింపిక్స్‌లో పతకాలిచ్చింది 1992లో, బార్సిలోనాలో. మన మణిపూర్ అమ్మాయి సుశీలాదేవి 2014లోనూ, 2022లోనూ కామన్వెల్త్ క్రీడల్లో రజతపతకాలు తెచ్చింది. మా అమ్మాయి అంతటిది అవుతుందని నేను చెప్పడం లేదు. కాకపోయినా నాకు చింత లేదు. పడితే లేవడం వస్తే చాలు.

సోదరీమణులారా! మీ ఇంట్లోనూ మాట్లాడని పిల్లో, పిల్లవాడో వుండవచ్చు. "ఏమైంది? ఎందుకలా వున్నావు?" అని నిలదీస్తే చెప్పరు. వాళ్ళకి ఇష్టమైన చోటు ఏదో కట్టి చూపించమనండి. లెగోయే కానక్కరలేదు. అగ్గిపెట్టెలైనా, అట్టముక్కలైనా, బంకమన్నైనా సరే. మీరు మేస్త్రి కాకండి, కూలీగా వుండండి. ఇటుక అందించండి, చుక్కలు లెక్కపెట్టండి. ఎక్కడేది పెట్టాలో వాళ్ళని చెప్పనివ్వండి. కట్టడం పూర్తయ్యాక బొమ్మల్ని లెక్కపెట్టండి. ఎవరు లోపలున్నారో, ఎవరు గుమ్మం బయట నిలబడ్డారో చూడండి.

మా దోజో ఇప్పుడు టీవీ పక్కన గూట్లో వుంది. దుమ్ము దులపడానికి నా పాత కుంకుమ కుంచె వాడుతున్నాను. నేను హాలుకి వెళ్ళివచ్చిన వారానికి ఒకరోజు కప్పు తీసి దులుపుతుంటే, గుమ్మం దగ్గర చెప్పులు పది జతలు కనిపించాయి. లోపల చాప మీద తొమ్మిది తెల్ల దుస్తుల బొమ్మలు. మూలన ఒకటి, ఎర్రచీర రంగుది, కూర్చుని చూస్తోంది.